కొత్తపేట పండ్ల మార్కెట్: బల్లమీది ఫోను నుండి జేబులోని ఫోను వరకు

హైదరాబాదు తూర్పు భాగంలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నడుమ, విజయవాడ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న కొత్తపేట మూడున్నర దశాబ్దాల పాటు తెలుగు జిల్లాల పండ్ల తోటలకు ప్రధాన గమ్యస్థానంగా ఉండేది. 1986లో జాంబాగ్ నుండి ఇక్కడికి తరలివచ్చిన గడ్డిఅన్నారం వ్యవసాయ మార్కెట్ కమిటీ వారి పండ్ల మార్కెట్‌ను రైతులు, లారీ డ్రైవర్లు ‘కొత్తపేట మార్కెట్’ అనే పిలిచేవారు. వేసవిలో కొల్లాపూర్, ఖమ్మం ప్రాంతాల బంగినపల్లి మామిడి, నల్లగొండ బత్తాయి, నాగపూర్ కమలా, ఉత్తరాది ఆపిల్ ఒకే ప్రాంగణంలో రాశులుగా పోసి ఉండేవి. లారీలు రాత్రికి రాత్రే చేరుకొనేవి. హమాలీలు సరుకు దించిన కొద్ది గంటలలోనే వేలం ముగిసి, రైతు చేతికి తక్‌పట్టీ అందేది.

అదే 1986వ సంవత్సరంలో దేశ దూరవాణి రంగంలో రెండు ముఖ్య పరిణామాలు జరిగాయి. ఏప్రిల్ 1న ఢిల్లీ, బొంబాయి నగరాల సేవలకై మహానగర్ టెలిఫోన్ నిగమ్ ఏర్పడింది. జూలైలో కర్ణాటకలోని కిత్తూరులో, సీ-డాట్ సంస్థ రూపొందించిన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజీ పనిచేయడం ప్రారంభించింది. ఎయిర్ కండిషనింగ్ లేకుండా, దుమ్ములో, ఎండలో పనిచేయగలిగే విధంగా దానిని తయారుచేశారు. ఈ సంఘటనలకూ, పండ్ల మార్కెట్ తరలింపునకూ ఎట్టి సంబంధమూ లేదు. అయినప్పటికీ కొత్తపేట మార్కెట్ జీవితకాలమూ, భారతదేశంలో ఫోను సామాన్యుని చేతికి చేరిన కాలమూ ఇంచుమించు ఒకటే. ఫోను వచ్చిన తరువాత రైతుకు మెరుగైన ధర దక్కిందా అన్న ప్రశ్నను పరిశీలించుటకు ఇంతకన్న తగిన స్థలం దొరకదు.

ఫోను ఎవరి బల్లపై ఉండేది?

1994 నాటి జాతీయ టెలికాం విధాన పత్రం అప్పటి స్థితిని అంకెలలో చెప్పింది. దేశంలో మొత్తం సుమారు 80 లక్షల లైన్లు ఉండగా, కనెక్షను కోసం వేచి ఉన్నవారు సుమారు 25 లక్షలు. నూరుగురికి 0.8 ఫోను చొప్పున సాంద్రత ఉంటే, ప్రపంచ సగటు 10. దేశంలోని 5,76,490 గ్రామాలలో దాదాపు 1.4 లక్షల గ్రామాలకు మాత్రమే దూరవాణి చేరింది. నాలుగింట మూడు గ్రామాలలో ఒక్క ఫోనైనా లేదన్నమాట. 1997 నాటికి అన్ని గ్రామాలకూ ఫోను చేర్చాలన్న లక్ష్యం అదే పత్రంలో ఉన్నది, అది నెరవేరలేదు. గ్రామ పంచాయతీ కార్యాలయాలలో రేడియో ఆధారంగా నెలకొల్పిన ప్రజా టెలిఫోన్లలో అధిక భాగం చెడిపోయి మూలపడ్డాయి. తరువాతి కాలంలో సార్వత్రిక సేవా నిధి ద్వారా వాటిని మార్చవలసి వచ్చింది.

ఈ కొరత అందరికీ సమానంగా లేదు. మార్కెట్‌లోని కమీషన్ ఏజెంటు బల్లపై ల్యాండ్‌లైన్ ఉండేది. తోటలో ఉండేది కాదు. ఏజెంటు ఆ ఫోనులో నాగపూర్‌తోనో, ఢిల్లీతోనో మాట్లాడి, అక్కడ సరుకు ఎంత దిగినదో, ధర ఏ దిశగా పోతున్నదో వేలానికి ముందే తెలుసుకొనగలిగేవాడు. రైతుకు తెలిసినది ఆకాశవాణి చెప్పిన బజారు ధర, పత్రికలో అచ్చయిన నిన్నటి ధర, లేదా అంతకుముందు లోడుతో పోయివచ్చిన పొరుగు రైతు చెప్పిన మాట. పండ్ల విషయంలో రెండు రోజుల నాటి ధర చరిత్రలో చేరినట్లే. ఎస్టీడీ బూత్‌లు మండల కేంద్రాలకు విస్తరించిన తరువాత కొంత మార్పు వచ్చింది. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ కనుక, పసుపు బోర్డు ముందు వరుసలో నిలబడి మాట్లాడినవారిలో రైతులూ ఉన్నారు. కాని ఆ వేళకు మార్కెట్‌లో మాట్లాడగలిగినది ఎవరు? ఆ ఏజెంటే. సమాచారం కొనేందుకు రైతు డబ్బు చెల్లించినా, దానిని అందించే వ్యక్తి, ఆ సరుకుపై కమీషను పొందే వ్యక్తి ఒక్కడే.

ఫోను లేకపోవడం వలన రైతు నష్టపోతున్నాడు, ఫోను వస్తే లాభపడతాడు అన్న ఊహ ఈ కాలంలోనే విస్తరణ రంగంలో స్థిరపడింది. ఆ ఊహ తప్పు కాదు. అయితే అది సగమే నిజమని తరువాతి అనుభవం చూపింది.

అంచనాలను దాటిన వృద్ధి

భారతదేశంలో తొలి మొబైల్ సంభాషణ 1995 జూలై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య, నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌ల నడుమ జరిగింది. ఆ రోజులలో నిమిషానికి 16 రూపాయల వరకు చెల్లించవలసి వచ్చేది. వచ్చిన కాలుకు కూడా రుసుము ఉండేది. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ సంస్థలు ముందుగా సెల్యులార్ సేవలు ఆరంభించాయి. ఈ ధరలలో చరవాణి వ్యవసాయదారుని పనిముట్టు అవుతుందని ఎవరూ తలచలేదు. 1999 నాటి కొత్త టెలికాం విధానం సైతం గ్రామీణ సాంద్రతను నూటికి 0.4 నుండి 2010 నాటికి 4కు పెంచితే చాలునని భావించింది.

2010 మార్చి నాటికి ఆ సంఖ్య 24కు చేరింది. ప్రణాళికా లక్ష్యాన్ని ఆరు రెట్లు మించిన సందర్భాలు మన దేశ గ్రామీణాభివృద్ధిలో అరుదు. దీనికి కారణాలు విస్తరణ శాస్త్రంలో లేవు, రుసుము విధానంలో ఉన్నాయి. స్థిర లైసెన్సు రుసుముకు బదులు ఆదాయంలో వాటా పద్ధతిని 1999 విధానం తెచ్చింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడి, రెండేళ్ళకు తన మొబైల్ సేవను ఆరంభించింది. 2003లో రిలయన్స్ సంస్థ 501 రూపాయలకే కనెక్షను ఇవ్వజూపింది. అదే సంవత్సరం మే నెల నుండి వచ్చిన కాలుకు రుసుము పోయింది. గ్రామాల దృష్టిలో ఈ చివరి మార్పే అన్నింటికన్న పెద్దది. డబ్బు లేని ఫోను కూడా వినే ఫోను అయింది. రైతు ఒక ‘మిస్డ్ కాల్’ ఇస్తే ఏజెంటు తిరిగి పిలిచేవాడు. సంభాషణ ఖర్చు ఎవరు భరించాలో ఆ విధంగా ఒక ఒప్పందం, ఎవరూ రాయకుండానే, కుదిరింది.

2004 చివరి నాటికి దేశంలో చరవాణుల సంఖ్య స్థిర దూరవాణుల సంఖ్యను దాటింది. స్థిర లైన్లు 2006 ప్రాంతంలో సుమారు 5 కోట్ల వద్ద శిఖరానికి చేరి, 2020 నాటికి దాదాపు 2 కోట్లకు తగ్గాయి. ఇటీవల ఇంటింటికీ ఫైబర్ రావడంతో మరల 3 కోట్లు దాటాయి. అభివృద్ధి చెందిన దేశాలు ముందు రాగి తీగను ప్రతి ఇంటికీ లాగి, ఆ తరువాత చరవాణికి మారాయి. మన పల్లె మొదటి మెట్టు ఎక్కకుండానే రెండవ మెట్టుపై నిలిచింది. 2024 మార్చి నాటికి పట్టణాలలో నూరుగురికి 133 కనెక్షన్లు, గ్రామాలలో 59 ఉన్నాయి. ఒకే వ్యక్తి వద్ద రెండు సిమ్‌లు ఉండడం సాధారణమైనందున ఈ 59ని మనుషుల లెక్కగా చదవరాదు.

ధర తెలియడం వేరు, పొందడం వేరు

చరవాణికి, ధరకు ఉన్న సంబంధంపై అత్యధికంగా ఉదాహరించబడే పరిశోధన కేరళ మత్స్యకారులపై జరిగినది. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో దానిని ప్రచురించారు. ఉత్తర కేరళ తీరంలో చరవాణి రాకముందు పట్టిన చేపలో 5 నుండి 8 శాతం కొనేవారు లేక వృథా అయ్యేది. పక్క రేవులో అదే సమయంలో కొనేవారికి చేప దొరికేది కాదు. చరవాణి వచ్చిన తరువాత ఆ వృథా దాదాపు అంతరించింది. జాలరుల లాభం సగటున 8 శాతం పెరిగింది, వినియోగదారునికి ధర 4 శాతం తగ్గింది. ఈ ఫలితాన్ని తరగతి గదులలో బోధించని విస్తరణ విభాగం ఉండదు.

దానితో పాటు బోధించవలసిన మరొక పరిశోధన ఉన్నది. మహారాష్ట్రలోని 100 గ్రామాలలో మార్సెల్ ఫాఫ్‌షాంప్స్, బార్ట్ మింటెన్‌లు చేసిన ప్రయోగంలో, రైతులకు ధరలు, వాతావరణం, సాగు సలహాలను ఏడాది పాటు ఉచితంగా సంక్షిప్త సందేశాలుగా పంపారు. 2012లో వెలువడిన ఫలితం ప్రకారం, రైతు పొందిన ధరలో గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా సగటున కనిపించలేదు. మధ్యప్రదేశ్ సోయాచిక్కుడు రైతులపై అపరాజిత గోయల్ చేసిన అధ్యయనంలో మాత్రం ఈ-చౌపాల్ కేంద్రాల వలన ధర 1 నుండి 3 శాతం పెరిగింది. అయితే ఈ-చౌపాల్ నడిపిన సంస్థ ధర చెప్పి ఊరకుండలేదు, తానే కొనుగోలుదారుగా నిలిచింది. తెలిసిన ధర వద్ద కొనే మరొక చేయి అక్కడ ఉన్నది.

కేరళ జాలరి నడి సముద్రంలో ఉండగానే ఏ రేవుకు పోవాలో నిర్ణయించుకొనగలడు. కొల్లాపూర్ మామిడి రైతు లారీకి సరుకు ఎత్తిన తరువాత ఏ రేవుకు పోగలడు? ఖమ్మం రైతుకు హైదరాబాదుతో పాటు విజయవాడ సమీపంలోని నున్న ఉన్నది. జగిత్యాల రైతుకు చల్‌గల్ మార్కెట్ నుండి ఢిల్లీ దారి ఉన్నది. ఇవి లేని ప్రాంతాలలో ఫోను చెప్పే ధర వాతావరణ సూచన వంటిది: తెలుస్తుంది, మార్చలేము.

అప్పు ముడి ఇంకొకటి. పూత దశలోనే తోటను గుత్తకు ఇచ్చిన రైతుకు ఏప్రిల్ ధరతో నిమిత్తం లేదు. ఆ ధర గుత్తేదారుది. గుత్తకు ఇవ్వకుండా తానే కాయ కోసే రైతు మందులకు, కూలీలకు ఏజెంటు వద్ద పెట్టుబడి తీసుకొని ఉంటే, సరుకు ఆ దుకాణానికే పోవాలి. పక్క దుకాణంలో కిలోకు రెండు రూపాయలు ఎక్కువ పలికినట్లు అతని జేబులోని ఫోను చెప్పినా లారీ అటు తిరగదు. దీనిని ఏజెంటు దుర్మార్గంగా మాత్రమే చూడడం తొందరపాటు. బ్యాంకు ఇవ్వని సమయంలో, హామీ లేకుండా, ఒక్క ఫోను మీద డబ్బు పంపినవాడు అతడే. ఆ డబ్బుకు వడ్డీ తక్‌పట్టీలో ఎక్కడ కలిసిందో, తరుగులో ఎంత పోయిందో లెక్కించడం రైతుకు కష్టం. పరిశోధకునికి కూడా అంత సులభం కాదు.

ఇక శ్రేణి. ఫోనులో వినబడే ధర సాధారణంగా మేలి రాశి ధర. తన కాయ ఏ శ్రేణిలో పడుతుందో రైతుకు వేలం నాడు గాని తెలియదు. మచ్చ, పరిమాణం, తొడిమ వద్ద సొన కారిన గుర్తు, ఇవి ధరను సగానికి దించగలవు. తోటలోనే శ్రేణీకరణ చేసుకోని రైతుకు ధర సమాచారం ఆశను మాత్రమే ఇస్తుంది.

పండు స్వభావమే ఫోను విలువను నిర్ణయిస్తుంది

పై కారణాలను ఆర్థికవేత్తలు చర్చించినంతగా, పంట జీవలక్షణాన్ని చర్చించలేదు. కొత్తపేటకు వచ్చిన రెండు పండ్లను పక్కపక్కన ఉంచి చూస్తే విషయం స్పష్టమవుతుంది.

మామిడి కోసిన తరువాత కూడా పండే జాతి ఫలం. భుజాలు నిండి, నీటిలో వేస్తే మునిగే దశకు వచ్చిన కాయ కోతకు సిద్ధం. అప్పటి నుండి రైతు చేతిలో ఉన్న వ్యవధి కొద్ది రోజులే. ఆలస్యం చేసిన కొద్దీ పండు ఈగ ఉద్ధృతి పెరుగుతుంది, వేసవి గాలివాన ఒక్క సాయంత్రంలో కాయను నేలరాలుస్తుంది. కోసిన బంగినపల్లి సాధారణ ఉష్ణోగ్రతలో వారం పది రోజులలో పండిపోతుంది. కనుక ‘ఈ వారం ధర తక్కువ, ఆగుము’ అన్న సందేశం మామిడి రైతుకు అరుదుగా పనికి వస్తుంది. అతనికి ముందే కోయమన్న సంకేతం మాత్రం బలంగా పనిచేస్తుంది. సీజను ఆరంభంలో ధర ఎక్కువగా ఉన్నదని వినగానే లేత కాయను కోసి పంపే ధోరణికి ఫోను దోహదం చేస్తుంది. లేత కాయ రుచి లేక, కొన్నవాడు మరల కొనడు. ఆ ప్రాంతపు కాయ పేరే చెడుతుంది. సమాచారం నష్టం కూడా కలిగించగలదనుటకు ఇది ఉదాహరణ.

బత్తాయి అటువంటిది కాదు. అది చెట్టు మీద ఉన్నంత వరకే పక్వమయ్యే ఫలం. కోసిన తరువాత తీపి పెరగదు. కాని పక్వానికి వచ్చిన కాయను చెట్టుపైనే కొన్ని వారాలు నిలుపవచ్చును. నీటి తడులు సక్రమంగా ఉంటే నల్లగొండ బత్తాయి రైతు తన చెట్టునే గోదాముగా వాడుకొనగలడు. దీనికి వెల లేకపోలేదు. కాయ రాలడం, తొనలు గట్టిపడి రసం తగ్గడం, చెట్టు అలసి వచ్చే పూత పలచబడడం చెల్లించవలసిన అద్దె. ధర ఏ మేరకు పెరిగితే ఈ అద్దె గిట్టుబాటు అవుతుందో చెప్పగలిగితే, బత్తాయి రైతు జేబులోని ఫోనుకు నిజమైన విలువ ఏర్పడుతుంది. ఆ లెక్క చెప్పవలసినది మార్కెటింగ్ శాఖ కాదు. ఉద్యాన, వ్యవసాయ శాస్త్రవేత్తలే.

స్థలం మారినది, సంఖ్య మారలేదు

2020 వసంతంలో కోవిడ్ కారణంగా పండ్ల మార్కెట్‌ను తాత్కాలికంగా కోహెడకు తరలించారు. మే నెల ఆరంభంలో వీచిన గాలివానకు అక్కడి షెడ్లు కూలి పలువురు గాయపడడంతో మార్కెట్ మరల కొత్తపేటకు వచ్చింది. 2021లో ఇదే విజయవాడ రహదారిపై, ఔటర్ రింగ్ రోడ్డు దాటిన తరువాత ఉన్న బాటసింగారానికి తరలింపు మొదలయింది. కొత్తపేట స్థలంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మార్కెట్ గుర్తుగా మిగిలినవి రహదారి వెంట పండ్ల బండ్లు, ఆ పక్కనే విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషను.

ల్యాండ్‌లైన్ సంఖ్య ఒక స్థలానికి చెందినది. దుకాణం కదిలితే అది అక్కడే తెగిపోతుంది. చరవాణి సంఖ్య మనిషికి చెందినది. 1986లో జాంబాగ్ వీడి వచ్చిన వ్యాపారి తన రైతులకు కొత్త చిరునామా, కొత్త ఫోను నంబరు తెలుపవలసి ఉండగా, 2021లో అతడు ఏమీ తెలుపనక్కరలేదు. రైతు పాత సంఖ్యనే నొక్కితే, లారీని ఎటు తిప్పాలో డ్రైవరుకు దారిలోనే చెప్పవచ్చును. మార్కెట్ తరలింపు వలన రైతు, ఏజెంటుల పాత సంబంధాలు సడలి, కొత్త పోటీకి అవకాశం కలుగుతుందని ఆశించేవారు ఈ విషయాన్ని గమనించాలి. ప్రాంగణం మారినంత మాత్రాన పద్దు మారదు.

సలహా సేవలో ఫోను

ధర విషయంలో పరిమితంగా పనిచేసిన ఫోను, సాగు సలహా విషయంలో ఎంతవరకు పనిచేసింది? 2004 జనవరి 21న కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమయ్యాయి. 1551 సంఖ్యతో మొదలైన ఈ ఉచిత సేవలో వ్యవసాయ పట్టభద్రులు స్థానిక భాషలలో సమాధానం చెబుతారు. 2013 జూలైలో ప్రారంభమైన ఎంకిసాన్ ద్వారా శాస్త్రవేత్తలు నేరుగా రైతుల ఫోన్లకు సందేశాలు పంపే వీలు కలిగింది. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం పెద్ద అడ్డంకి అయింది. ఆంగ్ల లిపిలో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే. ఆ లెక్కలో గుణింతపు గుర్తు, ఒత్తు కలిపే గుర్తు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘విస్తరణ’ అన్న ఒక్క మాటకే ఏడు పోతాయి. మందు పేరు, మోతాదు, ఎకరాకు నీరు, పిచికారీ వేళ, జాగ్రత్త అన్నీ 70లో ఇముడవు. ఇమిడినప్పుడు జాగ్రత్తే తొలగించబడుతుంది. 2007లో ఇఫ్కో కిసాన్ సంచార్ ఎంచుకొన్న గళ సందేశాల మార్గం ఈ కారణంగానే మన భాషకు ఎక్కువ అనుకూలమైనది.

దీనికి పూర్వమే మన నేలపై జరిగిన ఒక ప్రయత్నాన్ని విద్యార్థులు తప్పక చదవాలి. 2004 ఖరీఫ్‌లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, మీడియా ల్యాబ్ ఏషియాతో కలిసి వరంగల్ జిల్లాలోని మూడు గ్రామాలలో, వెయ్యికి పైగా పత్తి చేలపై ‘ఈ-సాగు’ను నడిపింది. శిక్షణ పొందిన గ్రామ సమన్వయకర్త క్రమం తప్పక చేను చూసి ఛాయాచిత్రాలు తీసేవాడు. అన్ని చిత్రాలను పంపగల వేగం ఫోను తీగకు లేనందున వాటిని సీడీలలో నింపి కొరియరు ద్వారా హైదరాబాదుకు పంపేవారు. నిపుణుల సలహా మాత్రం అక్షరాలే కనుక డయల్-అప్ ద్వారా గ్రామానికి తిరిగి చేరేది. చిత్రం బస్సులో, మాట తీగపై ప్రయాణించిన ఆ ఏర్పాటు నేడు నవ్వు తెప్పించవచ్చు. నేడు రైతు అదే చిత్రాన్ని వాట్సాప్‌లో క్షణంలో పంపుతున్నాడు.

ఆ క్షణంలో వచ్చిన చిత్రంతో శాస్త్రవేత్త ఏమి చేయగలడన్నది అసలు ప్రశ్న. తరచుగా వచ్చేది ఒక్క పసుపు ఆకు, అదీ పై వైపు, అరచేతిలో తెంపి పట్టుకొన్నది. ముదురు ఆకా, లేత ఆకా తెలియకపోతే నత్రజని లోపమో, ఇనుప ధాతు లోపమో చెప్పడం సాధ్యం కాదు. అడుగు భాగం కనిపించకపోతే రసం పీల్చే పురుగు ఉన్నదో లేదో తెలియదు. చేనంతా ఉన్నదా, నీరు నిలిచిన పల్లంలోనే ఉన్నదా అన్నది ఏ ఆకూ చెప్పదు. ఈ-సాగు సమన్వయకర్తకు ఏమి చిత్రించాలో తెలుసు. ఆ చేను గత సందర్శనలో ఎట్లా ఉన్నదో నమోదై ఉండేది. వేగం పెరిగిన చోట ఆ మధ్యవర్తి మాయమయ్యాడు. ముదురు ఆకు, లేత ఆకు, ఆకు అడుగు, పూర్తి మొక్క, దూరం నుండి చేను: ఈ ఐదు చిత్రాలు పంపాలని రైతుకు నేర్పడానికి ఒక గ్రామ సమావేశం సరిపోతుంది. విస్తరణ ప్రణాళికలలో ఆ సమావేశానికి చోటు కనిపించదు; కొత్త యాప్‌కు మాత్రం కనిపిస్తుంది.

స్నాతకోత్తర విద్యార్థుల సర్వే పత్రాలలో ‘మీ వద్ద సెల్‌ఫోను ఉన్నదా?’ అన్న ప్రశ్న ఇప్పటికీ మొదటి వరుసలోనే కొనసాగుతున్నది. దాదాపు అందరూ ఉన్నదనే చెప్పే ప్రశ్న నుండి ఏ తేడా బయటపడదు. కాయ పక్వానికి వచ్చిన రోజున రైతు మొదట ఎవరికి ఫోను చేశాడు, ఆ వ్యక్తికి ఎంత బాకీ ఉన్నాడు, ఆ సంభాషణ తరువాత కోత తేదీ గాని మార్కెట్ గాని మారిందా అని అడిగితే సమాధానాలు రైతుకు రైతుకు వేరుగా వస్తాయి. బాటసింగారంలో తక్‌పట్టీ కోసం ఎదురుచూస్తున్న రైతును అడగడానికి తగినంత తీరిక ఉంటుంది. వేలం ముగిసి లెక్క తేలే వరకు అతనికి అక్కడ వేరే పని లేదు.